వసంతలక్ష్మి హ్యాండ్‌బ్యాగ్‌లో లవంగాలు

వీరభద్రరావుకు ఇన్నేళ్ళూ జీతం తెచ్చిపెట్టింది అనుమానమే. డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం, కొత్త కారు తలుపు సందుల్లోంచి నీళ్ళు ఎక్కడ కారతాయో కనిపెట్టడం. కారును ఒక గదిలో నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ వాన కురిపించేవారు. ఆ తరవాత ఈయన లోపలికి దూరి, తివాచీ కింద చెయ్యి పెట్టి తడిమేవాడు. అందరూ పొడిగా ఉందన్నచోట ఈయన వేలికి చెమ్మ తగిలేది. కారు వెనక్కి పోయేది. పని నేర్పిన పెద్దాయన ఒకసారి, "రావ్, నువ్వు స్వర్గానికెళ్ళినా ముందు తలుపు రబ్బరు నొక్కి చూస్తావు" అన్నాడట. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

రిటైరయ్యాక వాన గది పోయింది కానీ చెయ్యి తడమడం మానలేదు. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు ప్యాకెట్‌ను వెలుతురుకు పట్టి చూస్తాడు. ఎవరైనా కుర్రాడు ఫోన్ చేసి "అంకుల్, బాగున్నారా" అంటే, వీడికి ఏం కావాలో అని ఆలోచిస్తాడు. వాళ్ళుండే నోవై ఊళ్ళో తెలుగువాళ్ళు ఆయన్ను భోజనానికి పిలుస్తారు గానీ, ఆయన విస్తట్లో వడ్డించేటప్పుడు మాత్రం కొంచెం ఊపిరి బిగబడతారు.

ఆయన అనుమానించని వస్తువు ప్రపంచంలో ఒకటే ఉండేది. అది భార్య వసంతలక్ష్మి ముక్కు.

వసంతలక్ష్మి ప్రతి శనివారం గుళ్ళో ప్రసాదాలు వండుతుంది. నైవేద్యం పెట్టేదాకా నాలుక మీద వేసి చూడకూడదు కదా. పులుసు ఎంత ఉడికిందో, జీడిపప్పు నేతిలో ఎంత వేగిందో, అడుగు అంటబోతోందో లేదో, అంతా వాసనే చెప్పాలి. ఆమె పొయ్యికి వీపు తిప్పి కొబ్బరి చిప్ప పగలగొడుతూనే "రాధా, రెండో బర్నర్ తగ్గించు" అనేది. తోటి వంటావిడ రాధారాణి వెళ్ళి చూస్తే, నిజంగానే మరి కాసేపుంటే మాడేటట్టు ఉండేది. గుడిలో అందరికీ ఇది తెలుసు. కొత్తగా వంటకు వచ్చే అమ్మాయిలకు దీన్ని కథలా చెప్పేవాళ్ళు.

ఏడాదికోసారి, ఆకులు ఎర్రబడే రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ ఒక వైనరీకి వెళ్ళేవారు. నోవై నుంచి గంటన్నర డ్రైవ్. చిన్న గుట్ట, దాని వాలునిండా ద్రాక్ష వరసలు, పైన చెక్కతో కట్టిన పాత కొట్టం. మొదటిసారి ఫ్యాక్టరీవాళ్ళు తీసుకెళ్ళారు. ఆ తరవాత అలవాటైపోయింది. ఆయన గుక్కెడు గుక్కెడు రుచి చూస్తాడు. ఆమె చుక్క ముట్టదు, తిరిగొచ్చేటప్పుడు కారు నడిపేది ఆమే. కానీ ప్రతి గ్లాసూ ముందు ఆమె ముక్కు దగ్గరికే వెళ్ళాలి. మూతి పెట్టదు కాబట్టి ఎంగిలి ప్రశ్న లేదు. కళ్ళు మూసుకుని, "దీన్లో పచ్చి జామకాయ ఉంది", "ఇది తడిసిన గోనెసంచి", "ఇది నేరేడుపండు, పక్కన ఎవరో అగరొత్తి వెలిగించారు" అని చెప్పేది. అక్కడి ఓనరు నాన్సీ మనసారా నవ్వేది. వీరభద్రరావుకు ద్రాక్షసారా కంటే ఈ ఆట ఇష్టం. ఆయన లోలోపల గర్వపడే సందర్భాలు జీవితంలో బహు కొద్ది. అందులో ఇదొకటి.

ఈ ఏడు వేసవి నుంచే ఏదో తేడాగా ఉంది.

మొదట కాఫీ. రెండు మూడుసార్లు పాలు మాడిన వాసన వచ్చింది. వీరభద్రరావు పాల కంపెనీని అనుమానించాడు. క్యాన్ పట్టుకెళ్ళి కొట్టులో వాపసిచ్చి, ఇంకో కంపెనీ పాలు తెచ్చాడు. అవీ అంతే. గిన్నె మందం తక్కువేమో అని కొత్త గిన్నె కొన్నాడు.

తరవాత లైబ్రరీ. వసంతలక్ష్మి బుధవారం బుధవారం లైబ్రరీకని బయల్దేరడం మొదలుపెట్టింది. సాయంత్రానికి వచ్చేది. చేతిలో పుస్తకం ఉండేది కాదు. ఒక బుధవారం ఆమె కారు వైపరు కింద ఒక ఆకు ఇరుక్కుని కనిపించింది. వీరభద్రరావు దాన్ని తీసి అరచేతిలో పరిచి చూశాడు. మేపుల్ కాదు. ఓక్ అసలే కాదు. ద్రాక్షాకు.

ఆపైన లవంగం. ఎప్పుడు దగ్గరికి వచ్చినా ఆమె నోట్లో లవంగం. "పంటి నొప్పా?" అని అడిగితే "ఊరికే" అంది. తన బాబాయి ఒకాయన లవంగం నమిలేవాడని, ఎందుకు నమిలేవాడో ఇంట్లో పిల్లలక్కూడా తెలుసని వీరభద్రరావుకు గుర్తొచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. అయినా అది పోలేదు.

ఒకరోజు కారు తాళం కోసం ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచాడు. అడుగున జిప్పు సంచీ, అందులో వేలెడంత సీసాలు నాలుగు. పైన అంటించిన పేర్ల కాగితాలు ఊడిపోయి ఉన్నాయి. మూత తీయబోతుంటే వంటింట్లోంచి ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. సంచీని ఉన్నచోటే పెట్టి, జిప్పు ఎంతవరకు మూసి ఉందో అంతవరకే మూశాడు. ఫ్యాక్టరీలో నేర్చిన జాగ్రత్త అది.

ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఏముంది? గుడిలో నైవేద్యం వండే మనిషి, ఉపవాసం నాడు కాఫీ కూడా ముట్టని మనిషి, గంటన్నర కారు నడుపుకుని వెళ్ళి పట్టపగలు తాగి వస్తోందని ఎవరితో అనగలడు? అన్నా నవ్విపోతారు. ఆయనకు నవ్వు రాలేదు. తిరుగు ప్రయాణంలో ఆ హైవే మీద ఆమె ఒక్కతే స్టీరింగు పట్టుకుని ఉండడం మాటిమాటికీ కళ్ళముందు కనిపించేది.

అక్టోబరులో ఆయనే అన్నాడు, "నాన్సీ దగ్గరికి బుక్ చేయనా? శుక్రవారం."

ఆమె కూర తరుగుతున్న చెయ్యి ఆపింది. "ఈసారి మానేద్దామండీ. శనివారం గుళ్ళో కార్తీకం మొదటి వంట. బోలెడు పనుంది."

"ఏటా ఉండేదేగా."

"మీకంత ఇష్టమైతే వెళ్దాం లెండి."

మనకంత ఇష్టమైతే అనలేదు. ఆ మాటను ఆయన రెండు రోజులు నములుతూ తిరిగాడు.

శుక్రవారం కారు దిగగానే నాన్సీ కుక్క ఎదురొచ్చింది. పేరు మర్ఫీ. ముసలిది, ఎవరినీ నమ్మదు. ఆ విషయంలో దానికీ తనకూ ఒక స్నేహం ఉందని వీరభద్రరావు అనుకునేవాడు. ప్రతి ఏడూ వాళ్ళిద్దర్నీ చూసి కొట్టం గుమ్మందాకా మొరిగేది. ఈసారి ఆయన్ను చూసి ఒకసారి మొరిగి, వసంతలక్ష్మి చీర కుచ్చిళ్ళ దగ్గరికి వెళ్ళి, తోకాడిస్తూ ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"ఏడాదికోసారి చూసినా గుర్తుపట్టిందే" అన్నాడు.

"మంచి కుక్క" అంది ఆమె, అటు తిరిగి.

లోపల అంతా మార్చేశారు. వేసవిలో రిపేర్లు చేయించారట. బల్లలు మారాయి. పాత బాత్రూములున్నచోట ఇప్పుడు పీపాలు పేర్చి ఉన్నాయి. వసంతలక్ష్మి "చేతులు కడుక్కొస్తా" అని, ఎవరినీ అడక్కుండా, ఎక్కడా తడుముకోకుండా, పీపాల వెనక సందులోంచి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వీరభద్రరావు ఆ సందు వైపే చూస్తూ నిలబడ్డాడు. అక్కడ బోర్డు కూడా లేదు.

నాన్సీ వచ్చి కౌగిలించుకుంది. "రావ్, ఎలా ఉన్నావ్? లక్ష్మి ఏదీ?"

"కొత్త బాత్రూమ్‌కి వెళ్ళింది" అన్నాడాయన, కొత్త అనే మాటను కొంచెం నొక్కి, ఆమె ముఖంలోకి చూస్తూ.

నాన్సీ అబద్ధం చేతకాని మనిషి. "ఓ" అని, బల్ల మీద లేని మరకను గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

భోజనం వచ్చింది. గుమ్మడికాయ సూపు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, మేక పాల చీజు. వసంతలక్ష్మి ఎప్పటిలాగే బ్యాగులోంచి కారప్పొడి డబ్బా తీసి సూపులో కలుపుకుంది. డబ్బా తీసేటప్పుడు జిప్పు సంచీ తొంగిచూసింది. ఆమె దాన్ని లోపలికి నెట్టింది. ఆయన రొట్టె తుంచుతూ చూడనట్టు చూశాడు.

మొదటి గ్లాసు వచ్చింది. తెల్లది. ఆయన దాన్ని ఆమె వైపు జరిపాడు.

ఆమె గ్లాసు ఎత్తి ముందు రంగు చూసింది. ఇంతకుముందెప్పుడూ రంగు చూసేది కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. "జామకాయ" అంది.

రెండోది ఎర్రది. మళ్ళీ రంగు చూసింది. "నేరేడుపండు. అగరొత్తి."

వీరభద్రరావు గుక్కెడు తాగాడు. ఆయన నాలుకకు నేరేడు ఎక్కడా తగల్లేదు. బల్ల మీద పెట్టిన చీటీ చూశాడు. నిరుటి ద్రాక్ష కాదిది. వేరే రకం.

"ఇది కొత్తది వసంతా. నువ్వు చెప్పింది నిరుటి మాట."

"అట్లాగే ఉంది నాకు."

"వాసన చూసి చెప్పావా, గుర్తు తెచ్చుకుని చెప్పావా?"

ఆమె చీర కొంగు సర్దుకుంది. బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. కింద మర్ఫీ ఆమె పాదాల దగ్గర నిట్టూర్చి పడుకుంది. అన్నీ ఒక చోటికే వచ్చి ఆగాయి: ఆకు, లవంగం, సీసాలు, కుక్క, బోర్డు లేని సందు. కారు తలుపు సందులో తడి తగిలినప్పుడు ఎలా ఉండేదో ఆయన వేలికి అలాగే ఉంది. కానీ వెనక్కి పంపడానికి ఇది కారు కాదు.

ఆయన గొంతు తగ్గించాడు. "వసంతా, ఒకటడుగుతాను. కోప్పడకు. నువ్వు తాగుతున్నావా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అర్థం కానట్టుగా చూసింది. తరవాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వింది. ఆపుకోవడానికి చెయ్యెత్తి, మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో ఆయన కనిపెట్టలేకపోయాడు.

"రావట్లేదండీ" అంది చివరికి. "వాసన రావట్లేదు."

"ఏ వాసన?"

"ఏ వాసనా. ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది చూడండి, అది తగ్గాక పోయింది. వాసన తిరిగొస్తుందిలే అంది డాక్టరు, రాకపోవచ్చు కూడా అంది. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టినా గాలి పీల్చినట్టే ఉంది."

ఆయనకు పాల క్యాన్ గుర్తొచ్చింది. కొత్త గిన్నె గుర్తొచ్చింది.

ఆమె జిప్పు సంచీ తీసి సీసాలు బల్ల మీద పెట్టింది. "ఇవి నాన్సీవి. పనిలోకి వచ్చే పిల్లలకి ముక్కు నేర్పడానికి పెట్టుకుంటుందట. ఒకటి గులాబీ, ఒకటి నిమ్మ, ఒకటి నీలగిరి తైలం, ఒకటి లవంగం. ఆవిడకీ ఒకసారి ఫ్లూ వచ్చి ఇట్లాగే పోయిందట. రోజూ పొద్దునా సాయంత్రం పీలుస్తూ, ఆ వస్తువుని తల్చుకుంటూ ఉండాలంది. బుధవారాలు ఇక్కడికొచ్చి కూర్చుంటున్నా. ఆ పీపాల గది చల్లగా ఉంటుంది. అక్కడ కూర్చోబెట్టి పీల్పిస్తుంది."

"నాకు చెప్పచ్చుగా."

"మీకా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "పాలు వాపసిచ్చిన మనిషి మీరు. నన్నూ కొట్టుకి పట్టుకెళ్తారేమోనని."

ఆయన నవ్వలేదు. ఆమె మాత్రం కాస్త నవ్వి, ఆపేసింది.

"హాస్యానికి కాదండీ. మీకు చెబితే గంటకోసారి పరీక్ష పెడతారు. మీరు తప్పన్నారంటే అది తప్పే. అది వినడానికి నాకు ధైర్యం చాల్లేదు. ముక్కుతో బతికేవాళ్ళు నాకు తెలిసి రెండు చోట్లే ఉన్నారు, గుళ్ళో, ఇక్కడ. గుళ్ళో అడగలేను. అడిగితే పొయ్యి దగ్గర్నుంచి లేవమంటారు. లేవమనకపోయినా నేనే లేవాలి. వాసన తెలియని మనిషి దేవుడికి ఎట్లా వండుతుంది?"

"మరి ఫిబ్రవరి నుంచీ ఎట్లా వండుతున్నావు?"

"చూపుతో. చెవితో. ఆవాలు చిటపటమనేది వినపడుతుందిగా." ఆగింది. "రెండు వారాల కింద మీరు గుడికొచ్చారు. పులిహోర తిన్నారు. ఎట్లా ఉంది?"

వీరభద్రరావు సీసాల వైపు చూశాడు.

"నిజం చెప్పండి."

ఆ పులిహోర ఆయనకు బాగా గుర్తుంది. మొదటి ముద్దలోనే చింతపండు పులుసు అడుగంటిన మాడు. ఆవపిండి చేదు. ఇంట్లో అయితే కంచం జరిపేవాడు. గుళ్ళో కళ్ళకద్దుకుని, ఆకులో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. చుట్టూ వరసల్లో కూర్చున్న వాళ్ళందరూ అలాగే తిన్నారు. ఒక్కరూ ముఖం చిట్లించలేదు. ప్రసాదానికి ఎవరు వంక పెడతారు? ఊరంతటినీ శంకించే తనకే నోరు రాలేదు.

"మాడింది" అన్నాడు. "పులుసు మాడింది."

"అందరూ తిన్నారే" అంది ఆమె.

"ప్రసాదం కదా."

"అయితే దేవుడూ మాట్లాడకుండా తిన్నాడన్నమాట." గ్లాసును మెల్లగా దూరంగా జరిపింది. ఫోన్ తీసి రాధారాణికి కలిపింది. తన ధైర్యం మీద తనకే నమ్మకం లేనట్టు, స్పీకర్ పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచింది.

"చెప్పు వదినా" అంది రాధారాణి. వెనక మిక్సీ చప్పుడు ఆగింది.

"రాధా, రేపు నేను పొయ్యి దగ్గర ఉండను. కూరలు తరుగుతా. నాకు వాసన తెలియట్లేదు. ఎప్పట్నుంచో."

అటువైపు నిశ్శబ్దం. వీరభద్రరావు ముందుకు వంగాడు. ఆయనకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. ఆశ్చర్యపోయిన మనిషి నిశ్శబ్దంలా లేదది.

"తెలుసు వదినా" అంది రాధారాణి.

"ఏం తెలుసు?"

"ఏప్రిల్లో చక్కెరపొంగలి అడుగంటుతుంటే నువ్వు పక్కనే నిలబడి పాట పాడుతున్నావు. అప్పుడే అనుకున్నా. అప్పట్నుంచీ నీ పక్క బర్నర్ దగ్గరే ఉంటున్నా, చూళ్ళేదా? నువ్వు అటు తిరిగినప్పుడల్లా మంట తగ్గిస్తున్నా. రెండు వారాల కింద నేను ఊళ్ళో లేను, మా అమ్మాయి దగ్గరున్నా. ఆ శనివారం ఏమైందో వచ్చాక విన్నాలే."

"ఎవరు చెప్పారు? అందరూ తిన్నారుగా."

"తిన్నారు. ఇంటికెళ్ళి మజ్జిగ తాగారు" అంది రాధారాణి. "నువ్వు చెప్పేదాకా మేం ఎట్లా చెప్తాం వదినా? ఇప్పుడు చెప్పావుగా, హాయిగా ఉంది. ఆరింటికి రా. కలిపే చెయ్యి నీదే. ముక్కు నాది అరువిస్తా. కూరలు తరుగుతానంటే మాత్రం ఊరుకోను, నువ్వు తరిగిన వంకాయ ముక్కలు ఇటుకల్లా ఉంటాయి."

ఫోన్ పెట్టేశాక వసంతలక్ష్మి సీసాలు ఒక్కొక్కటే మళ్ళీ సంచీలో సర్దింది. గుమ్మడికాయ సూపు చల్లారిపోయింది. దూరంగా నాన్సీ ఇటు చూసి, చూడనట్టు గ్లాసులు తుడుచుకుంది. ఈ గదిలో, ఆ గుడిలో, అందరూ తన భార్యను కనిపెట్టుకునే ఉన్నారని వీరభద్రరావుకు ఇప్పుడు తెలిసింది. ఎక్కడ చెమ్మ ఉన్నా పట్టేసే తను మాత్రం పాల కంపెనీలు మారుస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డారు. గాలికి ద్రాక్ష వరసల్లో ఎండాకులు గలగలమన్నాయి. మర్ఫీ వెనకే వచ్చింది.

"ఇంకా ఏవో అనుమానాలున్నట్టున్నాయి" అంది ఆమె, ఆయన ముఖం చూసి.

"ఒకటుంది. లవంగం ఎందుకు నములుతున్నావు?"

"అదొక్కటీ వస్తోందండీ. పోయిన నెల నుంచి. సన్నగా, గోడ అవతల ఎవరో పొట్లం విప్పినట్టు. పోతుందేమోనని భయమేసి నోట్లోనే పెట్టుకుంటున్నా."

"నిజంగా వస్తోందా? నన్ను ఊరడించడానికి కాదుగా?"

"పరీక్ష పెట్టుకోండి" అంది. జిప్పు సంచీ ఆయన చేతికిచ్చి, నోట్లోని లవంగం ఊసేసి, నీళ్ళు పుక్కిలించి, కళ్ళు మూసుకుంది.

ఆయన అటు తిరిగి ఒక సీసా మూత తీశాడు. దాన్ని పిడికిట్లో దాచి ఆమె ముక్కు కింద పెట్టాడు.

"గులాబీనా?"

"కాదు. నిమ్మ."

ఆమె తల ఊపింది. బాధపడ్డట్టు లేదు. "అమ్మయ్య, కాదన్నారు. మొన్న నాన్సీ 'దగ్గరికొచ్చావు' అంది. దగ్గరికి రావడం ఏమిటి, గులాబీకీ నిమ్మకీ?"

రెండో సీసా పెట్టాడు. ఆమె కనుబొమలు కొంచెం లేచాయి. వంటింట్లో పొయ్యికి వీపు తిప్పి నిలబడ్డప్పుడు లేచేవే అవి.

"లవంగం."

లవంగమే. ఆయన సీసాలు రెండూ మూసి, జేబులో వేసుకున్నాడు. చేతులు రుమాలుతో గట్టిగా తుడుచుకున్నాడు. ఖాళీ పిడికిలి ఆమె ముక్కు కింద పెట్టాడు. ఆమె పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఏమీ లేదు" అంది.

ఏమీ లేదని తెలిసి అందో, ఏమీ తెలియక అందో. అడగడానికి నోరు తెరిచాడు. ఇంకో సీసా పెట్టి సరిచూడచ్చు కూడా. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే, ముఖం పైకెత్తి, ఆయన మాట కోసం ఎదురుచూస్తోంది.

"కరెక్ట్" అన్నాడు వీరభద్రరావు, కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె స్టీరింగు ముందు కూర్చున్నాక తలుపు వేసి, అలవాటు కొద్దీ రబ్బరు మీద వేలితో ఒకసారి నొక్కి చూశాడు.